అరుదైన సుషి, సాషిమి రకాలు: స్నేహితులతో వెళ్లినప్పుడు ఎవరికి ఏది ఎంచుకోవాలి?

జపాన్ వంటల రెస్టారెంటులో స్నేహితులంతా ఒక బల్ల చుట్టూ చేరాక, మెనూ చేతులు మారుతున్నకొద్దీ మాటలు తగ్గిపోవడం నేను చాలాసార్లు చూశాను. సాల్మన్, ట్యూనా, రొయ్య వరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత ఊని, ఇకురా, షిరాకో, అకగాయ్, కోహదా అనే పేర్లు మొదలవుతాయి. వాటి పక్కనున్న చిన్న బొమ్మలు చూసి ఏది తినగలమో, ఏది తినలేమో తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. చివరకు అందరూ తెలిసిన సాల్మన్‌కే తిరిగి వస్తారు, లేదా ఒకరు ఉత్సాహం కొద్దీ అన్నిటికన్నా వింతగా కనిపించినదాన్ని అందరి కోసం తెప్పిస్తారు. మొదటి దారిలో కొత్తదనం ఉండదు, రెండో దారిలో సగం పళ్లెం మిగిలిపోతుంది.

ఇలాంటి భోజనాలు ఎన్నో చేశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటి ఉంది. పచ్చి చేప కొత్తవారిని ఇబ్బంది పెట్టేది రుచితో కాదు, నోటికి తగిలే తీరుతో. అరుదైన రకాల్లో చాలావాటి రుచి నిజానికి సౌమ్యంగానే ఉంటుంది. కాని ఒకటి నాలుక మీద జారుతుంది, ఒకటి పళ్ల కింద సాగుతుంది, ఇంకొకటి చిట్లి రసం వదులుతుంది. ఆ స్పర్శకు సిద్ధంగా లేని మనిషి దాన్ని రుచి బాగోలేదని పొరబడతాడు. అందువల్ల పేరునో ప్రతిష్ఠనో చూసి కాకుండా, బృందంలో ఎవరి నోటికి ఏ స్పర్శ సరిపడుతుందో చూసి ఎంచుకోవాలన్నదే ఈ పోలికకు ఆధారం.

## ముందు సుషి, సాషిమి తేడా

సుషి అంటే పచ్చి చేప అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పేరు వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నానికి సంబంధించినది. దాని మీద లేదా లోపల ఉండేది పచ్చి చేప కావచ్చు, ఉడికించిన రొయ్య కావచ్చు, దోసకాయ ముక్క కావచ్చు. సాషిమిలో అన్నం ఉండదు. చేపనో గుల్లజీవినో పదునైన కత్తితో కోసి, సన్నగా తరిగిన తెల్ల ముల్లంగితోనూ షిసో అనే సువాసన ఆకుతోనూ వడ్డిస్తారు.

ఎంపికలో ఈ తేడాకు పెద్ద పాత్ర ఉంది. గోరువెచ్చని పుల్లటి అన్నం కొవ్వును తేలిక చేస్తుంది, వాసనను అణుస్తుంది, జారుడు పదార్థానికి నోట్లో ఒక ఆధారం ఇస్తుంది. కాబట్టి ఘాటైనవీ జారేవీ మొదటిసారి సుషిగా తినడం మంచిది. స్కాలప్ అనే గుల్లజీవి వంటి శుభ్రమైన తీపి ఉన్నవీ, తెల్ల చేపలూ సాషిమిగానే తమ గుణం బాగా చూపుతాయి.

సుషిలోనూ రూపాలు పలురకాలు. చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప పలక పెట్టినది నిగిరి. నోరి అనే సముద్రపు నాచు షీటుతో చుట్టి ముక్కలుగా కోసేది మాకి. అన్నం చుట్టూ నోరిని గోడలా నిలబెట్టి పైన చేప గుడ్ల వంటివి నింపేది గుంకన్. గుంకన్ అంటే యుద్ధనౌక అని అర్థం; 1941లో టోక్యోలోని గింజా ప్రాంతంలో క్యూబే అనే సుషి దుకాణంలో ఇది పుట్టింది. ఊని, ఇకురా వంటి జారిపోయే పదార్థాలను నిగిరిగా నిలబెట్టడం కష్టం కాబట్టి ఈ రూపం అవసరమైంది.

## ఏయే కొలతలతో పోల్చాలి

మొదటిది స్పర్శ: వెన్నలా కరిగేదా, జారేదా, కరకరలాడేదా, సాగేదా, చిట్లేదా. రెండోది కొవ్వు. కొవ్వు ఎక్కువైన ముక్క మొదటి రెండుసార్లు అద్భుతంగా ఉండి, నాలుగోసారికి వెగటు పుట్టిస్తుంది; ఆకలిగా ఉన్నప్పుడు ఆర్డర్ చేసేవారు ఈ సంగతి మరిచిపోతారు. మూడోది మింగాక మిగిలే వాసన, ఉప్పదనం. నాలుగోది పచ్చిదనం, ఎందుకంటే సుషిలో అన్నీ పూర్తిగా పచ్చివి కావు. ఉప్పులో ఊరేసినవి, వేడినీళ్లలో ముంచి తీసినవి, ఉడికించినవి, కాల్చినవి చాలా ఉన్నాయి.

ఐదోది పంచుకోవడానికి వీలు. ఒంటరిగా తినేవారికి ఇది పట్టదు గాని, బృందానికి చాలా ముఖ్యం. నిగిరి, గుంకన్ చాలా చోట్ల రెండేసి ముక్కలుగా వస్తాయి, వాటిని సగానికి కోస్తే చెదిరిపోతాయి. సన్నని మాకి సాధారణంగా ఆరు ముక్కలు, లావు చుట్టలు ఎనిమిది వరకు ఉంటాయి. సాషిమిలో ఎన్ని ముక్కలు కావాలో ముందే చెప్పి కోయించుకోవచ్చు. ఐదుగురు కూర్చున్న బల్లకు రెండు గుంకన్ ముక్కలు వస్తే ముగ్గురు చూస్తూ ఉండాల్సిందే. ముక్కల సంఖ్య అడిగి ఆర్డర్ చేస్తే ఆ ఇబ్బంది రాదు.

## రకాల వారీగా

ట్యూనా: అకామి, చూతోరో, ఓతోరో. ఒకే చేపలో మూడు రుచులు ఉండటం వల్ల కొత్త బృందానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. అకామి ఎర్రటి, కొవ్వు తక్కువైన కండ. లోహపు ఛాయ ఉన్న శుభ్రమైన రుచి. ఓతోరో పొట్ట భాగంలో అత్యంత కొవ్వు ఉన్న ముక్క. తెల్లని చారలతో లేత గులాబీ రంగులో ఉండి, నాలుక వేడికే కరగడం మొదలవుతుంది. చూతోరో ఈ రెంటికీ మధ్యది. శీతలీకరణ లేని కాలంలో పొట్ట భాగం త్వరగా చెడిపోయేది కాబట్టి జపాన్‌లో దానికి విలువ ఉండేది కాదు; ఇప్పుడు అదే అన్నిటికన్నా ఖరీదైనది. 2019 జనవరిలో టోక్యోలోని తొయోసు మార్కెట్ కొత్త సంవత్సరపు వేలంలో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా ఒక్కటే 33 కోట్ల యెన్లకు పైగా పలికింది. ఇంత ప్రతిష్ఠ ఉన్నా, డబ్బు పెట్టదలచుకుంటే చూతోరోకే పెట్టమని నా సలహా. ఓతోరోలో కొవ్వు చేప రుచిని కప్పేస్తుంది. చూతోరోలో రెండూ నిలుస్తాయి. మూడింటినీ పక్కపక్కన ఒక్కొక్క ముక్క తింటే, ఆ సాయంత్రం మిగతా ఎంపికలకు ఎవరి నోరు ఎటు మొగ్గుతుందో అక్కడే తెలిసిపోతుంది.

చేప గుడ్లు: ఇకురా, తోబికో, మసాగో. ఇకురా సాల్మన్ గుడ్లు. ఆ పేరు రష్యన్ భాషలోని ఇక్రా అనే మాట నుంచి వచ్చింది. నారింజ రంగు ముత్యాల్లా ఉండే ఈ గుడ్లు పళ్ల కింద చిట్లి, ఉప్పగా, జిడ్డుగా ఉండే రసాన్ని వదులుతాయి. ఆ చిట్లడం కొందరికి ఆనందం, కొందరికి ఒళ్లు జలదరింపు. నడిమి అభిప్రాయం ఉన్నవారిని నేను తక్కువగా చూశాను. సందేహం ఉన్నవారు తోబికోతో మొదలుపెట్టాలి. ఎగిరే చేప గుడ్లయిన తోబికో ఆవగింజల కన్నా చిన్నవి, చిట్లేటప్పుడు రసం కన్నా కరకర శబ్దమే ఎక్కువ. ఆకుపచ్చగా కనిపించే తోబికోకు వసాబి అనే ఘాటైన పచ్చని ముద్ద, నల్లగా కనిపించేదానికి స్క్విడ్ సిరా కలుపుతారు. మసాగో కేపెలిన్ చేప గుడ్లు. మరింత చిన్నవి, మరింత చవక.

ఊని. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే స్నేహితుల బృందాలు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. ముళ్ల బంతిలా కనిపించే సీ అర్చిన్ అనే సముద్ర జీవిలో మనం తినేది దాని బీజకోశాలను. ఒక్కో జీవిలో అవి ఐదు ఉంటాయి. పసుపు నుంచి ముదురు నారింజ వరకు రంగు ఉండి, చిక్కని క్రీములా నాలుక మీద పరుచుకుంటాయి. మంచి ఊనిలో ముందు తీపి, తర్వాత సముద్రపు ఉప్పదనం వస్తాయి, చేదు ఉండదు. జపాన్‌లో పేరున్న రెండు రకాల్లో బఫున్ ఊని ముదురు రంగులో, గాఢంగా ఉంటుంది. మురసాకి ఊని లేత రంగులో, మృదువుగా ఉంటుంది. తొలిసారి తినేవారికి మురసాకి నయం.

ఊని అంటే తమకు సరిపడదని చెప్పేవారిలో చాలామంది నిజానికి తిన్నది పాతబడిన ఊనిని. ఆ మెత్తని కోశాలు కరిగి ఆకారం పోకుండా ఉండటానికి పటిక వాడతారు. పటిక ఎక్కువైతే చేదు, మందు వాసన వస్తాయి. పటిక లేకుండా ఉప్పునీటిలో నిల్వ చేసిన ఊని దొరికితే అదే అడగాలి. పళ్లెంలోకి వచ్చాక కోశాల అంచులు స్పష్టంగా, పొడిగా కనిపించాలి. ఆకారం పోయి కారుతున్నట్టు ఉంటే ఆ రోజు దాని జోలికి పోకపోవడమే మేలు. గుంకన్‌లో నోరి కొద్ది నిమిషాల్లోనే మెత్తబడుతుంది, అందుచేత ఫొటోలు తీసుకోవాలనుకునేవారు త్వరగా కానివ్వాలి. మొదటిసారి వెళ్లిన బృందంలో అందరికీ తలా ఒకటి తెప్పించడం కన్నా, రెండు ముక్కలు తెప్పించి నిజంగా కోరుకున్న ఇద్దరికి ఇవ్వడం మంచిది. వారి ముఖాలు చూశాక మిగతావారు అడిగితే మళ్లీ తెప్పించవచ్చు.

గుల్లజీవులు, రొయ్యలు. హోతాతె అనే స్కాలప్ ఈ గుంపులో అందరికీ నప్పుతుంది: మెత్తన, స్పష్టమైన తీపి, వాసన దాదాపు ఉండదు. సాల్మన్ నుంచి ఒక్క మెట్టు పైకి వెళ్లాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. అమాఎబి పచ్చిగా తినే చిన్న తీపి రొయ్య. ఉడికించిన రొయ్యలో ఉండే బిగువు దీనిలో ఉండదు, మెత్తగా, కాస్త జిగటగా ఉంటుంది. మెనూలో ఉత్త ఎబి అని ఉంటే అది సాధారణంగా ఉడికించినదే. హొక్కిగాయ్ అనే గుల్లజీవిని వేడినీళ్లలో ముంచితే దాని కొస గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. కాస్త సాగుతూ తియ్యగా ఉంటుంది. అకగాయ్ మాత్రం పచ్చిగానే ఎర్రగా ఉంటుంది, దాని రక్తంలో మనకున్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి. అది కరకరలాడుతుంది, సముద్రపు వాసన గట్టిగా ఉంటుంది. ఇనుము రుచి నచ్చనివారికి వద్దు.

స్క్విడ్, ఆక్టోపస్. కలిపి చెప్పుకుంటారు గాని ఇవి వేరువేరు అనుభవాలు. తకో అనే ఆక్టోపస్‌ను సుషికి చాలావరకు ఉడికించే వాడతారు. కనుక పచ్చివాటికి వెనుకాడేవారు కూడా తినవచ్చు, నమలడానికి ఓపిక ఉంటే చాలు. ఇకా అనే స్క్విడ్ పచ్చిగా వస్తుంది. మొదట జిగటగా, నమిలేకొద్దీ తియ్యగా ఉంటుంది. వంటవాడు దాని మీద సన్నని కత్తిగాట్లు పెట్టాడా లేదా అన్నదాని మీద అది నోట్లో విడిపోతుందా, రబ్బరులా మిగిలిపోతుందా అన్నది ఆధారపడుతుంది.

మెరిసే చర్మం ఉన్న చేపలు: సబా, కోహదా. బృందంలో చేప రుచి చేపలాగే ఉండాలని కోరేవారు ఉంటే, వారికి ఇవే. సబా అనే మాకెరెల్‌ను ఉప్పులో ఉంచి, తర్వాత వెనిగర్‌లో ఊరేసి వడ్డిస్తారు. కోహదా చిన్న చేప. దీనికి పెరిగేకొద్దీ షింకో, కోహదా, నకజుమి, కొనోషిరో అని పేర్లు మారుతుంటాయి. ఎంత ఉప్పు, ఎంతసేపు వెనిగర్ అన్న లెక్క చేప పరిమాణాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఒక దుకాణం పనితనం తెలుసుకోవడానికి ఓతోరో కన్నా కోహదా మంచి పరీక్ష. ఖరీదు తక్కువ, తృప్తి ఎక్కువ. అయినా బృందాలు వీటిని దాటిపోవడం నాకు బాధ కలిగించే విషయం.

షిరాకో. ఇది మగ కాడ్ చేప వీర్యకోశం. చలికాలపు పదార్థం, మెదడు ముడతలను పోలిన ఆకారం, కస్టర్డ్ లాంటి మెత్తదనం, రుచి చాలా సౌమ్యం. తేలిగ్గా వేడినీళ్లలో ముంచి, పుల్లటి పొంజు సాస్‌తో ఇస్తారు. టెంపురాగా, అంటే పలచని పిండిలో ముంచి, వేయించినది దొరికితే కొత్తవారికి అదే తగినది. ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోవాలి: అది ఏమిటో చెప్పకుండా స్నేహితుడి చేత తినిపించి, తర్వాత చెప్పి నవ్వడం తగదు. తిన్నవాడికి ఆ తర్వాత పళ్లెంలో దేనిమీదా నమ్మకం ఉండదు.

ఫుగు, అంటే పఫర్ చేప. పళ్లెం మీద బొమ్మ కనిపించేంత పలచగా కోసి పరిచే ఈ చేపకు ఉన్న పేరంతా దాని విషం వల్ల వచ్చినది. టెట్రోడోటాక్సిన్ అనే ఆ విషం వండినా పోదు, దానికి విరుగుడు మందు లేదు. జపాన్‌లో లైసెన్సు ఉన్నవారే దీన్ని శుభ్రం చేయాలి, కాలేయం వడ్డించడం నిషిద్ధం. 1975లో కబుకి అనే సంప్రదాయ నాటకరంగంలో ప్రసిద్ధ నటుడు ఎనిమిదవ బందో మిత్సుగోరో క్యోటోలో ఫుగు కాలేయం తిని మరణించారు. ఐరోపా సమాఖ్యలో ఈ చేపల అమ్మకానికే అనుమతి లేదు. రుచి విషయానికి వస్తే ఫుగు చాలా చప్పగా, బిగువుగా ఉంటుంది. ఆ సున్నితత్వాన్ని గుర్తించడానికి నోటికి కొంత అలవాటు కావాలి. భయాన్ని జయించామన్న సంతోషం కోసమే అయితే ఇది తగిన ఎంపిక కాదు. అనుమతి ఉన్న దేశంలో, అనుమతి ఉన్న చోట, తెల్ల చేపల మీద ఇప్పటికే ఇష్టం ఏర్పడినవారికే దీన్ని సూచిస్తాను.

వండినవి. అనాగో అనే సముద్రపు ఈల్‌ను (పాములాంటి పొడవైన చేప) మెత్తగా ఉడికించి, ఉనాగి అనే మంచినీటి ఈల్‌ను తీపి సాస్ పూసి నిప్పుల మీద కాల్చి ఇస్తారు. ఈల్ రక్తంలో ఉండే విషపదార్థం వేడికి నశిస్తుంది కాబట్టి వీటిని వండటమే ఆనవాయితీ. పచ్చివి ముట్టనివారికి కూడా బల్ల మీద కొత్త అనుభవం దక్కాలంటే ఇవే మొదట గుర్తుకు రావాలి. అయితే ఉనాగిగా వాడే జపాన్ ఈల్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2014లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఈ విషయం పట్టించుకునేవారు అనాగో వైపు మొగ్గవచ్చు.

| రకం | నోటికి తగిలే తీరు | రుచి బలం | పచ్చిదనం | మొదటిసారి ఏ రూపంలో |
|---|---|---|---|---|
| హోతాతె | మెత్తన | తక్కువ, తీపి | పచ్చి | సాషిమి |
| చూతోరో | కరిగేది | మధ్యస్థం | పచ్చి | నిగిరి |
| తోబికో | కరకర | తక్కువ, ఉప్పు | ఉప్పులో ఊరినది | మాకి మీద అద్దినది |
| ఇకురా | చిట్లేది | ఎక్కువ ఉప్పు | ఉప్పులో లేదా సోయా సాస్‌లో ఊరినది | గుంకన్ |
| ఊని | క్రీములా పరుచుకునేది | ఎక్కువ | పచ్చి | గుంకన్ |
| అకగాయ్ | కరకర, బిగువు | ఎక్కువ | పచ్చి | నిగిరి |
| తకో | సాగేది | తక్కువ | ఎక్కువగా ఉడికించినది | నిగిరి |
| సబా | గట్టి, జిడ్డు | చాలా ఎక్కువ | ఉప్పు, వెనిగర్‌లలో ఊరినది | నిగిరి |
| షిరాకో | కస్టర్డ్ లాంటిది | తక్కువ | వేడినీళ్లలో ముంచినది | టెంపురా |
| అనాగో | మృదువు | మధ్యస్థం, తీపి | ఉడికించినది | నిగిరి |

## పచ్చి చేప విషయంలో తప్పక చూడవలసినవి

తాజా చేప కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. సముద్ర చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగు తాజా చేపలోనే చురుగ్గా ఉంటుంది. దాన్ని చంపేది గడ్డకట్టించడం లేదా వండటం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ మార్గదర్శకాల ప్రకారం చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. అందుచేత ఒక రెస్టారెంటు తమ చేపను గడ్డకట్టించి తెస్తామని చెబితే అది లోపం కాదు, నమ్మకం కలిగించవలసిన మాట. జపాన్‌లో సాల్మన్‌ను పచ్చిగా తినడం ఎక్కువ కాలం లేకపోవడానికి కారణం కూడా ఈ పురుగుల భయమే. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అక్కడ ప్రచారం చేశాకే అది సుషి మీదకు చేరింది. వెనిగర్, వసాబి ఈ పురుగులను నమ్మకంగా చంపలేవు, కనుక సబా విషయంలో గడ్డకట్టించారా అని అడగడం అవసరం.

ట్యూనా, మాకెరెల్ వంటి చేపలను సరైన చలిలో ఉంచకపోతే అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది వండినా పోదు. నోట్లో మిరియాల్లా చురుక్కుమంటే ఆ ముక్క తినడం ఆపాలి. తెల్ల ట్యూనా అనే పేరుతో కొన్నిచోట్ల ఎస్కొలార్ అనే చేపను వడ్డిస్తారు. దాని కొవ్వు మన పేగుల్లో జీర్ణం కాదు, తిన్న కొన్ని గంటల్లో నూనెలా బయటికి వస్తుంది. జపాన్‌లో దాని అమ్మకం నిషేధం. మెనూలో ఆ పేరు కనిపిస్తే ఏ చేప అని సూటిగా అడగాలి.

గర్భిణులు, చిన్న పిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చివాటికి దూరంగా ఉండాలి. బిగ్‌ఐ ట్యూనా వంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ కాబట్టి గర్భిణులు వాటిని వండినవైనా వదిలేయాలి. రొయ్య, పీత, చేప గుడ్లు, నువ్వులు, సోయా, గోధుమ పడనివారు ముందుగానే చెప్పాలి. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

## ఎలాంటివారికి ఏది

పచ్చి చేప ఎప్పుడూ తిననివారు హోతాతె, తకో, అనాగో మూడింటితో మొదలుపెట్టి, ధైర్యం వస్తే అకామి తినవచ్చు. ఈ వరుసలో మెత్తదనం, సాగుడు, మృదుత్వం మూడూ పరిచయమవుతాయి. ఎక్కడా జారుడు ఉండదు.

సాల్మన్ ఇప్పటికే ఇష్టమైనవారి సంగతి వేరు. వారు ఇష్టపడుతున్నది నిజానికి కొవ్వును. కాబట్టి వారికి చూతోరో సహజమైన తర్వాతి మెట్టు. దొరికితే ఎంగవా కూడా. ఫ్లౌండర్ చేప రెక్క మొదట్లో ఉండే ఈ కండలో కొవ్వూ కరకరా రెండూ ఉంటాయి. అలాంటివారిని నేరుగా ఊనికి తీసుకువెళ్లడం కన్నా ఈ దారిన తీసుకువెళ్తే చివరకు ఊని కూడా నచ్చే అవకాశం ఎక్కువ.

మెత్తనివి, జారేవి అస్సలు పడనివారు అకగాయ్, తోబికో, హొక్కిగాయ్ వైపు వెళ్లాలి. వీరిని భయస్తులని అనుకుంటారు గాని, రుచి బలం విషయంలో వీరు అందరికన్నా ముందుకు వెళ్లగలరు. సబా, కోహదా వీరికి ఎక్కువగా నచ్చుతాయి.

శాకాహారులు బృందంలో ఉంటే వారికి దోసకాయ చుట్ట ఒక్కటే దిక్కు అన్నట్టు చూడకూడదు. కప్పా మాకి దోసకాయతో చేసినది. ఓషింకో మాకిలో ఊరబెట్టిన ముల్లంగి ఉంటుంది. ఉమె, షిసో చుట్టలో పుల్లటి ఊరిన పండు గుజ్జు, సువాసన ఆకు ఉంటాయి. నత్తో అనే పులియబెట్టిన సోయా గింజల చుట్ట, జిగటలోనూ వాసనలోనూ, బల్ల మీద ఏ చేప కన్నా సాహసమైనది. ఇనారి అంటే తీపి సాస్‌లో ఉడికించిన టోఫు సంచిలో నింపిన అన్నం. ఇనారిని, సొరజాతి కాయను పట్టీలుగా తీసి ఎండబెట్టినవాటితో చేసే కంప్యో మాకిని, తమాగో అనే గుడ్డు అట్టును ఎండు చేపతో కాచిన దాషి రసంతో చేసే అలవాటు ఉంది కాబట్టి, కచ్చితమైన శాకాహారులు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

## తెప్పించుకునే పద్ధతి కూడా ఒక ఎంపికే

ఒమకాసె అంటే ఎంపికంతా వంటవాడికి వదిలేయడం. ఆ రోజు బాగున్నవే వస్తాయి, వరుస కూడా ఆయనదే. కాని కౌంటర్ ముందు నలుగురికి మించి కూర్చుంటే మాట కలవదు, పడనివి ఉన్నవారికి ఇబ్బంది, ఖర్చు మీద అదుపు ఉండదు. ఇద్దరు ముగ్గురు కుతూహలం ఉన్నవారికి ఇది మంచిది.

మోరియవసె అనే కలగలుపు పళ్లెం పెద్ద బృందానికి తేలిక, అయితే అందులో రెస్టారెంటుకు అలవాటైన రకాలే ఉంటాయి, అరుదైనవి తక్కువ. తిరిగే బెల్టు మీద పళ్లేలు వచ్చే పద్ధతిని 1958లో ఒసాకా ప్రాంతంలో యోషియాకి షిరాయిషి మొదలుపెట్టారు. ఒక్కో పళ్లెం చిన్నది కావడంతో భయం లేకుండా ప్రయోగం చేయడానికి ఇది చాలా అనువు. కాని బెల్టు మీద ఎక్కువసేపు తిరిగిన గుంకన్ కన్నా అడిగి చేయించుకున్నదే ఎప్పుడూ మేలు.

నలుగురి నుంచి ఆరుగురి వరకు ఉన్న బృందానికి నేను ఎప్పుడూ చేసేది వీటి కలయిక. తెలిసిన రకాలతో ఒక మధ్యస్థమైన పళ్లెం, దానికి తోడుగా అరుదైనవి మూడే మూడు, ఒక్కొక్కటి వేరే స్పర్శ ఉన్నవి: ఒకటి కరిగేది, ఒకటి కరకరలాడేది, ఒకటి చిట్లేది లేదా జారేది. మూడుకు మించితే నోరు పోల్చడం మానేస్తుంది, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

తినే వరుస కూడా నిర్ణయంలో భాగమే. తెల్ల చేపలు, హోతాతె ముందు; ట్యూనా, కొవ్వు చేపలు తర్వాత; సబా, ఇకురా, ఊని ఆ తర్వాత; తీపి సాస్ ఉన్న అనాగో, తమాగో చివర. ఒక్కో రకానికీ మధ్య ఒక ముక్క ఊరిన అల్లం తింటే నాలుక శుభ్రపడుతుంది. దాన్ని సుషి మీద పెట్టి తినకూడదు. నిగిరిని చేత్తో తినడం తప్పు కాదు; సోయా సాస్‌లో అన్నం వైపు ముంచితే చెదిరిపోతుంది కాబట్టి చేప వైపు ముంచాలి. వసాబిని చాలాచోట్ల లోపలే రాసి ఉంచుతారు, వద్దనుకునేవారు సబి నుకి అని చెబితే చాలు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి మరొకరి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందించడం జపాన్‌లో అంత్యక్రియల తర్వాత అస్థికలు ఎత్తే పద్ధతిని గుర్తుచేస్తుంది, కనుక పంచుకునేటప్పుడు పళ్లెంలో పెట్టి ఇవ్వాలి.

మొదటి విడతలోనే కడుపు నింపుకోకుండా రెండో విడతకు చోటు ఉంచుకోవాలి. మూడు కొత్త రకాలూ రుచి చూశాక, ఎవరికి ఏది మళ్లీ కావాలో ఒక్కొక్కరిని అడిగి, వారి వారికే అది తెప్పించాలి. అమాఎబి తెప్పించి ఉంటే, ఆ రొయ్యల తలలు వేయించి ఇస్తారా అని కూడా అప్పుడే అడగాలి. చాలాచోట్ల ఇస్తారు. అవి వేడివేడిగా, కరకరలాడుతూ వచ్చినప్పుడు, సాయంత్రమంతా పచ్చివి ముట్టకుండా కూర్చున్న స్నేహితుడి వైపు ముందు పళ్లెం జరపండి.